పందెం వెనుక లెక్క – 5వ భాగం: ఒక్క సున్నా, ఒక చిన్న రాజ్యం

గత భాగంలో 1654 దగ్గర ఆగాం. షెవలియే ద మేరే అనే జూదప్రియుడు వేసిన ప్రశ్నలకు పారిస్‌లో ఉన్న పాస్కల్, తులూజ్‌లో ఉన్న ఫెర్మా ఉత్తరాల్లో జవాబు వెతుక్కున్నారు. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎవరికెంత పంచాలన్నది వాళ్ల ముందున్న అసలు సమస్య. జరిగిపోయిన ఆటను కాదు, ఇంకా జరగాల్సిన ఆటను లెక్కపెట్టాలని ఇద్దరూ తేల్చారు. 1657లో హైగెన్స్ ఆ లెక్కను చిన్న పుస్తకంగా అచ్చువేయించాక అది యూరప్‌లో చదువుకున్నవాళ్లకు అందింది.

లెక్క తెలిశాక జూదం తగ్గాలి కదా! తగ్గలేదు సరికదా, తర్వాతి రెండు వందల ఏళ్లలో ఇంకా పెరిగింది. ఆ లెక్క ఆడేవాళ్లకన్నా ఆడించేవాళ్లకు ఎక్కువ అక్కరకొచ్చింది. ఆడించేవాళ్లలో దాన్ని అందరికన్నా బాగా ఒంటబట్టించుకున్న మనిషి కథ ఈ భాగం. అతను గణితం చదివినవాడు కాదు. మోసపు చక్రాలు తిప్పినవాడూ కాదు. నా దృష్టిలో ఈ రెండో సంగతే ముఖ్యమైనది. జూదశాల అనగానే మనకు గారడీలు, గురుతు పెట్టిన పేకముక్కలు, బల్ల కింద అయస్కాంతాలు గుర్తొస్తాయి. అవేవీ లేని జూదశాలే ఎక్కువ ప్రమాదకరమని చరిత్ర చెబుతోంది.

కొయ్య చేతుల కబురు

ఫ్రాన్స్వా బ్లాంక్ 1806లో దక్షిణ ఫ్రాన్స్‌లోని కూర్తెజోన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. లూయీ అతని కవల సోదరుడు. 1830లలో ఇద్దరూ బోర్డో నగరంలో ప్రభుత్వ బాండ్ల మీద వ్యాపారం చేసేవారు. బాండ్ల ధర తేలేది పారిస్‌లో. ఆ కబురు తపాలా బండి మీద బోర్డో చేరేసరికి రోజులు గడిచిపోయేవి. అప్పటికి కరెంటు తంతి రాలేదు. అయితే ఫ్రాన్స్ ప్రభుత్వం కొండల మీద, గోపురాల మీద కొయ్య చేతులు నిలబెట్టి, ఒక గోపురం చూపిన గుర్తును తర్వాతి గోపురం అందుకుని చూపించేలా ఒక వ్యవస్థ నడిపేది. అది సర్కారు సందేశాలకే పరిమితం.

బ్లాంక్ సోదరులు తూర్ పట్టణంలోని ఆ గోపురాల తంతి ఉద్యోగికి లంచం ఇచ్చారు. సర్కారు సందేశం మధ్యలో అతను ఒక తప్పు గుర్తు చేర్చేవాడు, ఆ వెంటనే ‘అది పొరపాటు, తీసేయండి’ అనే గుర్తూ పంపేవాడు. సందేశం రాసుకునే అధికారి ఆ తప్పును కొట్టేసేవాడు. బోర్డోలో గోపురం మీద కన్నేసి ఉంచిన బ్లాంక్ మనిషికి మాత్రం పారిస్‌లో ధర ఎటు కదిలిందో తెలిసిపోయేది. రెండేళ్లు ఇలా సాగాక 1836లో గుట్టు బయటపడింది. మరుసటి ఏడాది తూర్‌లో విచారణ జరిగింది. ప్రైవేటు మనుషులు తంతిని వాడుకోకూడదని చెప్పే చట్టమే అప్పటికి లేకపోవడంతో సోదరులు పెద్ద శిక్ష పడకుండా బయటపడ్డారు.

ఈ ఉదంతాన్ని వింత దొంగతనంగా చెప్పి వదిలేస్తుంటారు. బ్లాంక్ జీవితమంతా చదివాక నాకు మరో సంగతి కనబడింది. పెద్ద దెబ్బ కొట్టాలని అతను ఎప్పుడూ చూడలేదు. అవతలివాడికన్నా పిసరంత పైచేయి ఉంటే చాలు, ఆ పిసరు రోజూ ఉండాలి. బోర్డోలో అది దొంగ కబురు. తర్వాత అది ఒక సున్నా అయింది.

పారిస్ దీపాలు ఆరిన రాత్రి

పారిస్‌లో పలే రోయాల్ అనే భవన సముదాయం దశాబ్దాలపాటు యూరప్ జూదానికి రాజధాని. మనం ఇవాళ చూసే రౌలెట్ చక్రం 18వ శతాబ్దం చివరికి అక్కడ రూపు కట్టింది. ఫ్రాన్స్ పార్లమెంటు చేసిన చట్టంతో 1837 డిసెంబరు 31 అర్ధరాత్రి ఆ బల్లలన్నీ మూతబడ్డాయి. జూదం ఆగలేదు, రైన్ నది దాటింది. అవతల జర్మన్ సంస్థానాల్లో ఔషధ ఊటలున్న ఊళ్లు ఉన్నాయి. నడుం నొప్పికీ కడుపు మంటకూ ఆ నీళ్లు తాగడానికి వచ్చే ధనవంతులకు సాయంత్రం పొద్దుపోవాలి. పారిస్‌లో జూదశాలలు నడిపిన జాక్ బెనజే 1838లోనే బాడెన్ బాడెన్ చేరి అక్కడ బల్లలు పరిచేశాడు.

బ్లాంక్ సోదరులకు దొరికింది హోంబర్గ్. అప్పుల్లో ఉన్న చిన్న సంస్థానం, పేరులేని ఊరు. బాడెన్ బాడెన్‌లో రాజులు, రష్యన్ ప్రభువులు, బెనజే పెట్టే విందులు ఉండగా హోంబర్గ్‌కు ఎవరైనా ఎందుకు రావాలి? 1841లో ఆట మొదలుపెట్టిన సోదరులు 1843లో దీనికి జవాబు చెప్పారు. చక్రంలోంచి ఒక సున్నా తీసేశారు.

అప్పటి చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, సగం ఎరుపు, సగం నలుపు. వాటికి తోడు ఒక సున్నా, ఒక జంట సున్నా. మొత్తం 38 గడులు. ఏదో ఒక అంకె మీద ఒక ఫ్రాంకు పెట్టి గెలిస్తే 35 ఫ్రాంకులు ఇస్తారు, పెట్టిన ఫ్రాంకూ తిరిగి వస్తుంది. అంటే చేతికొచ్చేది 36. చక్రంలో 36 గడులే ఉంటే ఇది ధర్మమైన ఆట. ఉన్నవి 38. ఒక మనిషి 38 గడుల మీదా ఒక్కో ఫ్రాంకు పెట్టాడనుకుందాం. బంతి ఎక్కడ పడ్డా అతను తప్పకుండా గెలుస్తాడు. తప్పకుండా గెలిచి, పెట్టిన 38లో 36 మాత్రమే వెనక్కి తీసుకుంటాడు. రెండు ఫ్రాంకులు జూదశాలవి. ఇది నూటికి 5.26. జంట సున్నా తీసేస్తే 37 పెట్టి 36 తీసుకుంటాడు. జూదశాల వాటా నూటికి 2.70కి దిగుతుంది.

ఎరుపు, నలుపు, సరి, బేసి పందేల్లోనూ లెక్క ఇదే. 37 గడుల్లో 18 మీవి, 19 జూదశాలవి. ఆ ఒక్క గడి తేడాతోనే భవనాలు లేచాయి, ఫౌంటెన్లు వెలిశాయి, సంగీత కచేరీలు సాగాయి.

రాబడిలో సగం తనంతట తాను వదులుకునే వ్యాపారి పోటీదారులకు వెర్రివాడిలా కనిపించి ఉండాలి. బ్లాంక్ లెక్క వేరు. వంద ఫ్రాంకుల సంచితో వచ్చి అయిదేసి ఫ్రాంకులు కాసే ఆటగాడిని తీసుకోండి. రెండు సున్నాల చక్రం ముందు అతను పందేనికి సగటున 26 సాంతీమ్‌లు (ఫ్రాంకులో నూరో వంతులు) పోగొట్టుకుంటాడు. ఆ వేగంతో అతని సంచి సగటున 380 పందేలకు కరిగిపోతుంది. ఒక్క సున్నా అయితే పందేనికి పోయేది పదమూడున్నర సాంతీమ్‌లు, సంచి 740 పందేల దాకా లాగుతుంది. ఈ రెండోవాడు మరో రెండు రాత్రులు హోటల్లో ఉంటాడు. మధ్యలో గెలుపు రుచి ఎక్కువసార్లు చూస్తాడు. ‘హోంబర్గ్‌లో ఆట మంచిది’ అని ఊరికి ఉత్తరం రాస్తాడు. చివరికి అవే వంద ఫ్రాంకులు ఇచ్చి వెళ్తాడు.

ఇక్కడ చాలామంది తడబడే మాట ఒకటుంది. నూటికి 2.70 అంటే తెచ్చిన డబ్బులో 2.70 కాదు, కాసిన ప్రతి పందెంలోనూ 2.70. మార్కెట్ యార్డులో వ్యాపారి బస్తాకు ఇంత అని తీసే తరుగు ఒక్కసారితో అయిపోతుంది. రౌలెట్ బల్ల మీద అదే గింజ మళ్లీ మళ్లీ తూకానికి వస్తుంది, వచ్చినప్పుడల్లా తరుగు పోతుంది. గెలిచిన డబ్బును జేబులో వేసుకోక తిరిగి బల్ల మీద పెట్టే అలవాటు మీదే జూదశాల బతుకుతుంది.

పాస్కల్ కాలం నుంచీ గణితజ్ఞులను వెంటాడిన ప్రశ్న ఒకటుంది. తక్కువ సొమ్మున్నవాడు తరగని సొమ్మున్నవాడితో ఆడుతూ పోతే ఏమవుతుంది? దాన్ని ఈ చక్రానికి వర్తింపజేద్దాం. చేతిలో 100 ఫ్రాంకులున్నాయి, 200 అయ్యాక లేచిపోవాలని మీ పట్టుదల. మొత్తం ఒక్కసారిగా ఎరుపు మీద పెడితే గెలిచే అవకాశం నూటికి 48.6. జాగ్రత్తపరుడిలా ఒక్కొక్క ఫ్రాంకే కాస్తూ పోతే? సున్నా పడితే పందెం మొత్తం పోయే ఆటలో, 200 చేరే అవకాశం 224లో ఒకటి. మిగతా 223 సార్లూ ఆ వంద బల్ల మీదే కరిగిపోతుంది. నెమ్మదిగా, ఆచితూచి ఆడమని పెద్దలు చెప్పే మంచిమాట ఈ బల్ల దగ్గర మనిషిని ముంచుతుంది. ఎన్నిసార్లు చక్రం తిరిగితే ఆ చిన్న వాటా అంత కచ్చితంగా పని చేస్తుంది. 1713లో అచ్చయిన యాకబ్ బెర్నూలీ గ్రంథం సారం ఇదే. బ్లాంక్ దాన్ని చదివి ఉండకపోవచ్చు. చక్రాలు ఆగకుండా తిరగాలని మాత్రం అతనికి బాగా తెలుసు.

అన్నా చెవిపోగులు

హోంబర్గ్ బల్లల ముందు కూర్చున్నవాళ్లలో ఒకరి సంగతి మనకు వివరంగా తెలుసు. 1867 మే నెలలో ఫ్యోదర్ దొస్తొయెవ్‌స్కీ కొత్త భార్య అన్నాను డ్రెస్డెన్‌లో వదిలి ఒంటరిగా హోంబర్గ్ వచ్చాడు. అంతకుముందు ఏడాదే, ప్రచురణకర్తతో చేసుకున్న ప్రమాదకరమైన ఒప్పందం గడువు దగ్గరపడితే, ‘జూదరి’ నవలను 26 రోజుల్లో చెప్పి రాయించాడు. షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న అమ్మాయే అన్నా. గడువు దాటితే తొమ్మిదేళ్లపాటు అతని రచనలన్నీ ఉచితంగా అచ్చువేసుకునే హక్కు ఆ ప్రచురణకర్తకు దక్కేది. అలాంటి ఒప్పందానికి తలొగ్గాల్సిన గతి పట్టించిన అప్పుల ఊబిలోకి అతన్ని ఇంకా లోతుకు దింపింది ఈ చక్రమే.

అతనికి ఒక సిద్ధాంతం ఉండేది. ఆవేశపడకుండా, చల్లగా, నిబ్బరంగా ఆడితే గెలిచి తీరతామని గట్టిగా నమ్మాడు. హోంబర్గ్ నుంచి అన్నాకు రాసిన ఉత్తరాల్లో మొదట ఆశ, తర్వాత క్షమాపణ, ఆపైన ప్రయాణానికి డబ్బు పంపమన్న వేడుకోలు. గడియారం కుదువకు వెళ్లింది. ఆ వేసవిలోనే దంపతులిద్దరూ బాడెన్ బాడెన్‌లో ఉన్నప్పుడు అన్నా చెవిపోగులు, పెళ్లి ఉంగరాలు, చివరికి ఆమె బట్టలు కూడా తాకట్టు దుకాణానికి చేరాయి. ఇదంతా ఆమె షార్ట్‌హ్యాండ్ డైరీలో రాసుకుంది.

అంత గొప్ప రచయిత, మనిషి మనసు లోతులు చూసినవాడు, తన ఓటమికి కారణం తన మనసు అదుపు తప్పడమేనని నమ్మాడు. అదుపు తప్పినా తప్పకపోయినా 37లో 19 గడులు అవతలివాడివే. నిబ్బరం వల్ల ఆట మారదు. 1871లో అతను జూదం మానేశాడు, మళ్లీ ముట్టలేదు. అన్నా ఓర్పు గురించి నేను చదివినప్పుడల్లా ఆ చక్రాల మెరుపు మీద నాకు కోపం వస్తుంది.

నిమ్మతోటలు పోయిన రాజ్యం

1848లో, ఇప్పటి ఫ్రాన్స్ సరిహద్దున ఉన్న మొనాకో అనే చిన్న రాజ్యం దాదాపు కుప్పకూలింది. నిమ్మ, ఆలివ్ తోటలతో ఆదాయం ఇచ్చే మాంతో, రోక్‌బ్రూన్ పట్టణాలు గ్రిమాల్డీ రాజవంశపు పన్నుల బాధ పడలేక విడిపోయాయి. 1861లో రాజు మూడో చార్లెస్ ఆ రెంటినీ 40 లక్షల ఫ్రాంకులకు ఫ్రాన్స్‌కు వదిలేశాడు. మిగిలింది ఒక కొండ, దాని కింద రేవు, కొద్దిగా బండనేల. రాజు తల్లి కరోలిన్ జర్మన్ ఊటల ఊళ్ల సంపాదన చూసి, మనమూ జూదశాల పెడదామంది. 1856లో పెట్టారు. నడిపినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తేశారు. నీస్ నుంచి రావాలంటే గుర్రపు బండి మీద కొండదారిలో గంటల ప్రయాణం, లేదంటే చిన్న ఓడ.

1863లో బ్లాంక్ వచ్చి 17 లక్షల ఫ్రాంకులకు 50 ఏళ్ల హక్కు కొనేశాడు. హోంబర్గ్ బంగారు బాతులా గుడ్లు పెడుతుండగా అతను ఈ బండనేల మీద డబ్బు పోయడానికి కారణం ముందుచూపు. జర్మనీలో గాలి మారుతోందని పసిగట్టాడు. ప్రష్యా 1866లో హోంబర్గ్‌ను కలిపేసుకుంది. 1872 చివరికి జర్మన్ బల్లలన్నీ మూయించింది. అప్పటికి జూదశాల ఉన్న స్పెల్యూగ్ అనే గుట్టకు మాంటే కార్లో అని రాజు పేరు మీద కొత్త పేరు వచ్చింది. 1868లో రైలు వచ్చింది. పోటీదారుల తలుపులు మూతబడిన నాటికి బ్లాంక్ వాకిట్లో రైలు ఆగుతోంది.

1869లో మూడో చార్లెస్ తన ప్రజలకు పన్నులు ఎత్తేశాడు. రాజ్యం ఖర్చు చాలావరకు చక్రాలే భరించాయి. అయితే మొనాకో పౌరులు ఆ బల్లల దగ్గర ఆడకూడదన్న నిషేధం పెట్టారు. ఇవాళ్టికీ ఉంది. ఆ లెక్క ఎటు మొగ్గుతుందో పాలకులకు ఎంత స్పష్టంగా తెలుసో చెప్పడానికి ఈ ఒక్క నిషేధం చాలు.

లోపల జీవితం ఇలా ఉండేది. ఆకుపచ్చ బట్ట పరిచిన బల్లలు, పొడవాటి కర్రపారతో నాణేలు లాక్కునే క్రూపియేలు. ఎరుపు మీదో నలుపు మీదో కాసినప్పుడు సున్నా పడితే పందెం వెంటనే పోదు, తర్వాతి ఆటదాకా నిలిపి ఉంచుతారు. ఆ వెసులుబాటుతో ఈ పందేల్లో జూదశాల వాటా నూటికి దాదాపు 1.35కు తగ్గుతుంది. కుర్చీల్లో ఉన్నవాళ్లలో చాలామంది చేతుల్లో చిన్న అట్టలు, గుండుసూదులు. ఎరుపు పడితే ఒక వరుసలో, నలుపు పడితే మరో వరుసలో పొడుస్తూ ఆట నడతను రాసుకునేవారు. ఆ అట్టలు జూదశాలే ఇచ్చేది. ఆ రాతలు చూసి తర్వాత ఏం పడుతుందో చెప్పగలిగితే ఏ వ్యాపారీ వాటిని చేతికివ్వడు. పూర్తిగా చితికిపోయినవాడికి ఊరెళ్లడానికి దారిఖర్చులు కూడా జూదశాలే ఇచ్చి పంపేది, అది తిరిగి కట్టేదాకా లోపలికి రానిచ్చేది కాదు.

రెట్టింపు చేస్తూ పోతే?

మాంటే కార్లోలో ఎక్కువమంది నమ్మిన ఉపాయం, ఇవాళా పల్లెల్లో పేకాట దగ్గర నుంచి ఫోన్లలో పందేల దాకా వినబడే ఉపాయం ఒకటే. ఓడితే రెట్టింపు కాయి, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు, పోయిందంతా తిరిగొచ్చి మొదటి పందెమంత లాభం మిగులుతుంది. దీన్ని మార్టింగేల్ అనేవారు.

రౌలెట్ బల్ల మీద తక్కువ పందెం 5 ఫ్రాంకులు, ఎరుపు నలుపుల మీద ఎక్కువ పందెం 6,000. అయిదుతో మొదలుపెట్టి ఓడినప్పుడల్లా రెట్టింపు చేస్తే 10, 20, 40 అంటూ పదకొండో పందేనికి 5,120 అవుతుంది. పన్నెండోది 10,240 కావాలి. బల్ల ఒప్పుకోదు. వరసగా పదకొండు ఓడితే పోయేది 10,235 ఫ్రాంకులు, గెలిస్తే వచ్చేది 5. సున్నాను పూర్తి ఓటమిగా లెక్కిస్తే, వరసగా పదకొండు ఓడడం దాదాపు 1,527 ప్రయత్నాల్లో ఒకసారి జరుగుతుంది. మిగతా 1,526 సార్లు అయిదేసి గెలిచి 7,630 ఫ్రాంకులు కూడబెడతాడు. ఆ ఒక్కసారి 10,235 పోతుంది. వారాల తరబడి రోజూ గెలిచిన మనిషి ఒక్క సాయంత్రంలో ఎందుకు మునిగిపోతాడో ఈ రెండు అంకెలు చెబుతాయి. ఆ వారాల గెలుపు చూసి చుట్టుపక్కలవాళ్లు అదే దారి పట్టడం అంతకన్నా పెద్ద విషాదం.

జూదశాలను నిజంగా ఓడించినవాడు ఒకడున్నాడు. అతను ఉపాయం మీద కాదు, యంత్రం మీద దృష్టి పెట్టాడు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ బట్టల మిల్లుల ప్రాంతం నుంచి వచ్చిన జోసెఫ్ జాగర్‌కు తిరిగే యంత్రం ఏదైనా ఎక్కడో ఒకచోట అరుగుతుందని తెలుసు. 1870లలోనో 80లలోనో మాంటే కార్లో వచ్చి, గుమాస్తాలను పెట్టి రోజుల తరబడి ప్రతి చక్రం మీద పడిన అంకెలు రాయించాడు. ఒక చక్రం కొన్ని అంకెల వైపు మొగ్గుతోందని తేలింది. వాటి మీదే కాసి పెద్ద మొత్తం గెలిచాడు. జూదశాల రాత్రికి రాత్రి చక్రాలను బల్లలు మార్చింది. తన చక్రం మీదున్న చిన్న గీతను గుర్తుపట్టి అతను ఆ బల్ల దగ్గరకే వెళ్లి కూర్చున్నాడు. ఆపైన చక్రంలోని గడుల అడ్డుపట్టీలనే మార్చేశారు. వరసగా ఓడడం మొదలయ్యేసరికి జాగర్ లేచి ఇంటికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. లేచి వెళ్లడంలోనే అతని గొప్పతనం ఉంది.

చార్లెస్ వెల్స్‌ది దానికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. ప్రతి బల్లకూ రోజుకు లక్ష ఫ్రాంకుల నిల్వ ఉండేది. అది ఖాళీ అయితే బల్ల మీద నల్ల గుడ్డ పరిచి, ఖజానా నుంచి మళ్లీ సొమ్ము తెచ్చేదాకా ఆట ఆపేవారు. దాన్నే ‘బ్యాంకు బద్దలవడం’ అనేవారు. నిజానికి బద్దలయ్యేది ఏమీ లేదు, ఒక బల్ల కాసేపు ఆగేది, అంతే. 1891 జులైలో వెల్స్ పలుమార్లు ఆ నల్ల గుడ్డ పరిపించి లక్షల ఫ్రాంకులు గెలిచాడు. లండన్ పత్రికలు ఊగిపోయాయి. అతని మీద పుట్టిన పాట ఇంగ్లండ్ వీధుల్లో మారుమోగింది. ఆ వార్తలు చదివి ఇంకా ఎంతమంది రైలెక్కారో! వెల్స్‌కు చేతిలో ఏ ఉపాయమూ లేదు. లేని యంత్రాలకు పేటెంట్లు చూపించి జనం దగ్గర రాబట్టిన సొమ్ముతో ధైర్యంగా పెద్ద పందేలు కాశాడు, కొద్ది రోజులు అదృష్టం నడిచింది. 1892లో తిరిగొచ్చి ఓడిపోయాడు. ఆ డిసెంబరులో అరెస్టయ్యాడు. 1893లో లండన్ కోర్టు మోసం నేరానికి ఎనిమిదేళ్ల శిక్ష వేసింది.

వెల్స్ హంగామాను బ్లాంక్ చూడలేదు. 1877లోనే కోట్ల ఫ్రాంకుల ఆస్తి వదిలి చనిపోయాడు. అతని కూతురు రోలాఁ బోనపార్త్‌ను పెళ్లాడింది. వాళ్ల బిడ్డ మరీ బోనపార్త్ సిగ్మండ్ ఫ్రాయిడ్ శిష్యురాలై, 1938లో నాజీల బారి నుంచి గురువును వియన్నా దాటించడానికి సాయపడింది. ఆ ఫ్రాయిడే 1928లో దొస్తొయెవ్‌స్కీ మీద రాసిన వ్యాసంలో అతని జూద వ్యసనాన్నీ చర్చించాడు. హోంబర్గ్ చక్రాల మీద పోగైన సొమ్ము, ఆ చక్రాల ముందు చితికిన మనసు, ఆ మనసును చదివిన వైద్యుడు చివరికి ఇలా ఒకచోట కలిశారు.

లండన్ ప్రొఫెసర్, మొనాకో పత్రిక

రోజూ పడిన అంకెలను మాంటే కార్లోలో ఒక పత్రిక అచ్చువేసేది. ఉపాయాలు వెతికేవాళ్లు దాన్ని కొనుక్కునేవారు. లండన్‌లో కార్ల్ పియర్సన్ అనే ప్రొఫెసర్‌కు అది మరో రకంగా పనికొచ్చింది. సంభావ్యత సిద్ధాంతం నిజ ప్రపంచంలో ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి వేల అంకెలు కూర్చుని నమోదు చేయనక్కర్లేదు, ఎవరో చేసి పెట్టారు.

1894లో ఆయన ఫలితం ప్రకటించాడు. ఎరుపు ఎన్నిసార్లు, నలుపు ఎన్నిసార్లు అన్న మొత్తం లెక్క ఫరవాలేదు. తేడా వచ్చింది వరసల్లో. రంగు ఒక్కసారి పడి మరుసటి ఆటలోనే మారిపోవడం ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. ఒకే రంగు రెండు, మూడుసార్లు వరసగా పడడం బాగా తక్కువ. భూమి పుట్టినప్పటి నుంచి ఆ చక్రం తిరుగుతున్నా ఇలాంటి పక్షం రోజుల ఆట ఒక్కసారైనా వస్తుందని ఆశించలేమన్నాడు. ఆ జూదశాలను మూసేసి, దాని సొమ్ముతో సంభావ్యత పరిశోధనశాల పెట్టాలని కూడా సూచించాడు.

చక్రంలో మోసం ఉందా? తర్వాతివాళ్లు చెప్పిన కారణం ఇంతకన్నా మామూలుది. ఆ పత్రిక విలేకరులు బల్ల పక్కన గంటల తరబడి కూర్చోలేక, ఎక్కడో కూర్చుని తోచిన అంకెలు రాసి పంపేవారట. ఎరుపు, ఎరుపు అని రెండుసార్లు రాయగానే ‘ఇక నలుపు రాయాలి’ అని చేతికి అనిపిస్తుంది. బల్ల ముందు కూర్చున్న జూదరికి అనిపించేదీ సరిగ్గా అదే. అబద్ధపు అంకెలు రాసినవాడు, నిజమైన డబ్బు పోగొట్టుకున్నవాడు ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. రంగులు వంతులవారీగా మారాలని మన బుద్ధి కోరుకుంటుంది. చక్రానికి ఆ కోరిక లేదు, నిన్నటి ఆట దానికి తెలియదు.

దీనికి మాంటే కార్లోలోనే చెప్పుకునే పెద్ద ఉదాహరణ 1913 ఆగస్టు 18. ఆ రాత్రి ఒక బల్ల మీద నలుపు వరసగా 26 సార్లు పడింది. పదిహేనోసారి దాటాక జనం బల్ల చుట్టూ మూగారు. ‘ఇక ఎరుపు రాక తప్పదు’ అని రెట్టింపు, ఆపైన రెట్టింపు కాశారు. మొదటే అడిగితే 26 నలుపులు వరసగా పడే అవకాశం దాదాపు 13.7 కోట్లలో ఒకటి. పాతికసార్లు పడ్డాక ఇరవయ్యారోసారి నలుపు పడే అవకాశం మాత్రం ఎప్పటిలాగే 37లో 18. ఈ రెండు అంకెలకూ మధ్య ఉన్న తేడా తెలియకే ఆ రాత్రి లక్షల ఫ్రాంకులు బల్ల దాటి అవతలికి వెళ్లాయి.

పియర్సన్ అక్కడితో ఆగలేదు. చూసిన అంకెలకూ సిద్ధాంతం చెప్పే అంకెలకూ మధ్య తేడా కాకతాళీయమా, కాదా అని తేల్చే కై వర్గ పరీక్షను 1900లో లోకానికి ఇచ్చాడు. అందులో ఒక ఉదాహరణ, ఆయన మిత్రుడు వెల్డన్ 12 పాచికలను 26,306 సార్లు వేసి నమోదు చేసిన లెక్క. పాచికల్లో అయిదు, ఆరు కొద్దిగా ఎక్కువ పడుతున్నాయని ఆ పరీక్ష పట్టేసింది. ఇవాళ మందుల పరీక్షల్లో, పంటల పరిశోధనలో, జనగణనలో వాడే ఈ సాధనం వంశవృక్షంలో జూదపు చక్రం, పాచికలు ఉన్నాయి. పియర్సన్ నడిపిన ‘బయోమెట్రికా’ పత్రిక సంపుటాలను 1915లో ఇంగ్లండ్ నుంచి ఓడలో వస్తూ చదివిన మహలనోబిస్, 1931లో కలకత్తాలో గణాంక సంస్థను స్థాపించాడు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి 1941లో ఆ సంస్థ మెట్లెక్కిన తెలుగు యువకుడు సి.ఆర్.రావు. కై వర్గ పరీక్ష కుటుంబంలో ఆయన పేరుతో 1948లో మరో పరీక్ష చేరింది. ఆ కథకు ఈ ధారావాహికలో ప్రత్యేకంగా చోటు ఇవ్వాలనుంది.

వచ్చే భాగంలో అట్లాంటిక్ దాటుదాం. బ్లాంక్ తీసేసిన జంట సున్నా అమెరికాలో చెక్కుచెదరకుండా మిగిలింది. 1931లో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేశాక ఎడారిలో లాస్ వేగాస్ పెరిగింది. అక్కడ బ్లాక్‌జాక్ అనే పేకాట ముందు ఈ భాగంలో చెప్పిన లెక్క కాస్త మారుతుంది. చక్రానికి జరిగినది గుర్తుండదు, పేక కట్టకు ఉంటుంది. బయటికొచ్చిన ఆసు మళ్లీ ముక్కలు కలిపేదాకా తిరిగి రాదు. అమెరికా సైన్యంలో పనిచేస్తున్న నలుగురు కుర్రాళ్లు బల్లమీది లెక్క యంత్రాలతో ఆ ఆటను ముక్క ముక్కగా లెక్కగట్టి 1956లో వ్యాసం అచ్చువేశారు. దాన్ని చదివిన ఎడ్వర్డ్ థార్ప్ అనే యువ గణితజ్ఞుడు ఐబీఎం 704 కంప్యూటర్ ముందు కూర్చుని, జూదశాల వాటాను సున్నా కన్నా కిందికి తోయవచ్చని తేల్చాడు. 1961 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన గణిత సభలో ఆయన ఆ మాట చెప్పగానే విలేకరులు, పెట్టుబడిదారులు, మాఫియాతో సంబంధాలున్నవాళ్లు ఆయన చుట్టూ ఎలా చేరారో అక్కడ చూద్దాం.

(ఇంకా ఉంది)